సెల్‌ఫోనులో తక్కువ బేరం: ఒప్పుకోవాలా, వేచి ఉండాలా?

2025 నవంబరు రెండవ వారంలో, వానాకాలం వరి కోతలు ముగింపునకు వస్తున్న రోజులలో, జగిత్యాల ప్రాంతానికి చెందిన ఒక రైతు మా శాఖకు వచ్చారు. పంట ఋణం గడువు డిసెంబరు 20తో ముగుస్తున్నది. అసలు రూ. 1,80,000. ధాన్యం సొమ్ము కోత యంత్రం కిరాయికి, కూలీలకు, ఇంటి పైకప్పు మరమ్మతుకు సరిపోయింది. 2016లో కొన్న 45 అశ్వశక్తి ట్రాక్టరును అమ్మి బాకీ తీర్చాలని ఆయన ఆలోచన. కుమారుడు హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన తరువాత ఆ ట్రాక్టరు సంవత్సరంలో పది నెలలు షెడ్డులోనే ఉంటున్నది. ఉన్న నాలుగెకరాల దుక్కికి కిరాయి ట్రాక్టరే చౌక.

కుమారుడు ఫోటోలు తీసి, సెల్‌ఫోనులో పాత వస్తువులు అమ్మే వేదికలో రూ. 4,25,000 ధరతో ప్రకటన పెట్టాడు. పది రోజులలో ముప్పైకి పైగా సందేశాలు వచ్చాయి. రైతు తన సెల్‌ఫోనును నా బల్లపై పెట్టి చూపించారు. “లాస్ట్ ఎంత?” అన్నవి సగం. ఒకరు రూ. 2,20,000 అన్నారు. పొరుగు పట్టణంలోని పాత ట్రాక్టర్ల వ్యాపారి రూ. 3,00,000 అన్నాడు. పక్క మండలం రైతు ఒకాయన స్వయంగా వచ్చి, ఇంజను నడిపి చూసి, రూ. 3,25,000 చెప్పి వెళ్ళాడు. “సారూ, ఇది బేరమా, ఎగతాళా? ఆరు లక్షల ఇరవై వేలు పోసి కొన్న బండి ఇది” అన్నారాయన.

ఈ ప్రశ్న ఇప్పుడు మన పాఠకులలో అనేకమందికి ఎదురవుతున్నది. పాత మోటారు, స్ప్రేయరు, పవర్ టిల్లరు, పాడి గేదె, చివరకు పాత బావి పైపులు కూడ సెల్‌ఫోను ద్వారా అమ్ముడుపోతున్నవి. కొనేవారు పెరిగినమాట నిజమే. తక్కువ ధర అడిగేవారు అంతకంటె ఎక్కువగా పెరిగారు.

దీనికి కారణం కష్టమైనదేమీ కాదు. పశువుల సంతలో తువ్వాలు మాటున వేళ్ళు పట్టి బేరమాడిన రోజులలో, అడిగినవాడు మన ఎదుట నిలబడి ఉండేవాడు. మరీ తక్కువ అడిగితే నలుగురిలో నవ్వులపాలయ్యేవాడు. అంత దూరం నడిచి వచ్చాడు కాబట్టి ఊరికే పోవడానికీ ఇష్టపడేవాడు కాదు. సెల్‌ఫోనులో ఈ రెండూ లేవు. ఒక్క సందేశానికి ఖర్చు శూన్యం. కొందరు మధ్యవర్తులు రోజుకు పాతిక ప్రకటనలకు ఒకే విధంగా సగం ధర పంపుతారు. వాటిలో ఒక్కటి తగిలినా వారికి లాభమే. కాబట్టి రూ. 2,20,000 అన్న సందేశానికి బాధపడవలసినదీ లేదు, దానిని చూసి మన వస్తువు విలువ పడిపోయిందని భయపడవలసినదీ లేదు. బండిని చూడకుండా చెప్పిన ధరను లెక్కలోనికి తీసుకోకపోవడమే మంచిది. చూసి, నడిపి, టైర్లు తట్టి చెప్పిన ధర వేరు.

అయితే మన రైతు అడిగిన రూ. 4,25,000 ఎక్కడినుండి వచ్చింది? అదే మోడలు బండ్లకు ఇతరులు పెట్టిన ప్రకటనలను చూసి కుమారుడు ఆ అంకె వేశాడు. ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. ప్రకటనలో కనబడేది అమ్మేవాడు కోరుకుంటున్న ధర మాత్రమే. అమ్ముడుపోయిన ధర ఎక్కడా కనబడదు. పైగా నెలల తరబడి అమ్ముడుపోని బండ్ల ప్రకటనలే తెరపై నిలిచి ఉంటాయి. సరియైన ధరకు పెట్టినవి నాలుగు రోజులలో మాయమవుతాయి. అందువల్ల తెరపై కనబడే ధరల సగటు ఎప్పుడూ అసలు ధరకంటె పైనే ఉంటుంది.

కొన్న ధర సంగతి కూడ అంతే. 2016లో ఇచ్చిన రూ. 6,20,000 ఈనాటి కొనుగోలుదారుకు సంబంధించని విషయం. అతడు చూసేది, ఈ సొమ్ముకు కొంచెం కలిపితే కొత్త బండి వస్తుందా అన్నదే. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యవసాయ ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. పన్నుకు ముందు ధర రూ. 7,00,000 ఉన్న కొత్త ట్రాక్టరుపై పన్నుభారం ఒక్కసారిగా రూ. 49,000 తగ్గిందన్నమాట. కొత్త బండి చౌక అయినప్పుడు పాత బండి పాత ధరకు నిలబడదు. ఆగస్టులో పొరుగువాడు అమ్మిన ధరను నవంబరులో మనం ఆశించడం న్యాయం కాదు.

మరి నిజమైన విలువ తెలిసేదెట్లా? నా అనుభవంలో నమ్మదగిన మార్గం ఒక్కటే. ఇద్దరు ముగ్గురు వ్యాపారుల వద్దకు బండిని తోలుకొని వెళ్ళి, నగదుకు ఎంతకు తీసుకుంటారో అడగాలి. వ్యాపారి తన లాభం, మరమ్మతు ఖర్చు మినహాయించుకొని చెబుతాడు కాబట్టి అది నేల ధర. దానికి దిగువన ఎవరడిగినా జవాబు ఇవ్వనక్కరలేదు. దానికి పైన, ప్రకటనల ధరకు క్రింద ఎక్కడో అసలు ధర ఉంటుంది. పంజాబులోని మోగా, మలోట్ వంటి పట్టణాలలో పాత ట్రాక్టర్లకు వారపు సంతలే ఉన్నవి. అక్కడ ఒక ఉదయం తిరిగితే ధర తెలిసిపోతుంది. మనకు ఆ సౌకర్యం తక్కువ కాబట్టి ఈ తిరుగుడు తప్పదు.

ఇంతవరకు మాట్లాడిన తరువాత నేను రైతును బండి కాగితాలు అడిగాను. ఆర్.సి. కార్డు చూడగానే సగం సంగతి అర్థమయింది. ట్రాక్టరు ఋణం 2023 మార్చిలోనే పూర్తిగా తీరింది. బాకీ లేదన్న లేఖ కూడ ఆయన తీసుకున్నారు, ఇంట్లో పెట్టెలో భద్రంగా ఉన్నది. కాని రవాణా కార్యాలయంలో హైపోథికేషను రద్దు చేయించుకోలేదు. ఆర్.సి.పై ఇంకా బ్యాంకు పేరు కనబడుతున్నది. బీమా గడువు తీరి ఎనిమిది నెలలయింది. కొనడానికి వచ్చిన ఎవరికైనా ఈ రెండూ మొదట కంటబడతాయి. “బాకీ ఉన్న బండి కాబోలు” అన్న అనుమానానికి వారు ధర కట్టి, ఆ మొత్తాన్ని తగ్గించి అడుగుతారు.

ఈ విషయంలో మన ఋణగ్రహీతలు అశ్రద్ధ చేస్తున్నారు. ఋణం తీరగానే బ్యాంకు నుండి ఫారం 35 సంతకాలతో తీసుకొని, ఆర్.సి.తో సహా రవాణా కార్యాలయంలో ఇచ్చి హైపోథికేషను రద్దు చేయించాలి. రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరు 13న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, 2023 డిసెంబరు 1 తరువాత తీరే వ్యక్తిగత ఋణగ్రహీతల ఋణాల విషయంలో, అసలు పత్రాలను 30 రోజులలోగా తిరిగి ఇచ్చి, నమోదైన ఛార్జీని తొలగించే బాధ్యత ఋణదాత సంస్థపై ఉన్నది. జాప్యం ఆ సంస్థవల్ల జరిగితే రోజుకు రూ. 5,000 చొప్పున పరిహారం చెల్లించాలి. మన రైతు ఋణం అంతకు ముందే తీరింది కాబట్టి ఆ ఆదేశం ఆయనకు వర్తించదు. ఫారం 35 కోసం ఆయనే అడగవలసి ఉన్నది. అడిగిన రోజుననే ఇచ్చాము.

ఇక్కడే అసలు నిర్ణయానికి ఆధారం దొరికింది. తక్కువ బేరాన్ని కాదని ఎదురుచూడడంలో రెండు రకాలు ఉన్నవి. ఎదురుచూసే కాలంలో ఏదో ఒకటి మనకు అనుకూలంగా మారబోతున్నదని తెలిసి ఆగడం ఒకటి. కాగితాలు సరిచేయడం, దుక్కుల కాలం దగ్గరపడడం, పాలిచ్చే గేదె అయితే ఈనే సమయం రావడం ఈ కోవలోనివి. రెండవది, ఏదీ మారకపోయినా మంచి బేరగాడు దొరకకపోతాడా అని ఆగడం. ఈ రెండవ దానికి ప్రతి నెలా ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చు ఎంతో కాగితంపై వేసి చూడాలి.

ఆ రోజు మేము వేసిన లెక్కను ఇక్కడ ఇస్తున్నాను. రూ. 3,25,000 బేరాన్ని కాదని ఫిబ్రవరి చివరివరకు, అంటే మూడు నెలలకు పైగా ఆగితే, డిసెంబరు 20న పంట ఋణం ఎట్లా కట్టాలి? బయట నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాలి. రూ. 1,80,000కు నెలకు రూ. 3,600. మూడు నెలలకు రూ. 10,800. కట్టకుండా ఊరుకుంటే సకాలంలో చెల్లించినవారికి లభించే 3 శాతం వడ్డీ రాయితీ పోతుంది. సంవత్సరానికి అది రూ. 5,400. గడువు మీరిన తరువాత పడే అదనపు వడ్డీ, కొత్త ఋణానికి కలిగే ఆటంకం దానిపైన. బ్యాటరీ, టైర్లు, షెడ్డులో ఎలుకలు కొరికే వైర్లు, వీటికి మూడు వేలు అనుకుందాము. మొత్తం రూ. 13,800. అంటే ఫిబ్రవరిలో రూ. 3,38,800 వస్తే అది నేటి రూ. 3,25,000తో సమానం, అంతే. ఈలోగా సంవత్సరం మారుతుంది. జనవరి దాటితే కొనేవాడు మోడలును ఒక సంవత్సరం పాతదిగా లెక్కకడతాడు. నాట్ల దుక్కులు కూడ అప్పటికి ముగిసిపోతాయి.

ఫిబ్రవరిలో రూ. 3,60,000 రావడానికి సగం అవకాశం, రూ. 3,10,000కు దిగిపోవడానికి సగం అవకాశం ఉన్నదనుకున్నా సగటు రూ. 3,35,000 మాత్రమే. ఊరికే ఆగడం నష్టమేనని తేలింది. కాని కాగితాలకోసం మూడు వారాలు ఆగడం వేరు. దానికయ్యే ఖర్చు రుసుములు, బీమా ప్రీమియం మాత్రమే. పంట ఋణం గడువు కూడ దాటదు. అందువల్ల పక్క మండలం రైతుకు “కాదు” అనకుండా, “కాగితాలు తెచ్చి మీకే ముందు కబురు చేస్తాను” అని చెప్పమని సలహా ఇచ్చాను. తక్కువ అడిగినవానిపై కోపంతో ఫోను పెట్టేయడం సులభం. మూడు వారాల తరువాత అదే మనిషి పనికివస్తాడు.

ఈ మధ్యలో ఒక విచిత్రం జరిగింది. ఎవరో బేరమే ఆడకుండా రూ. 4,25,000కు ఒప్పుకున్నాడు. తాను సైన్యంలో ఉన్నానని, బదిలీ మీద వెళుతున్నందున చూడడానికి రాలేనని, లారీ పంపిస్తానని చెప్పాడు. బయానాగా రూ. 20,000 వేస్తున్నానంటూ ఒక క్యూఆర్ కోడు పంపి, దానిని స్కాన్ చేసి పిన్ నొక్కమన్నాడు. రైతు ఆ రాత్రి ఆనందంతో నిద్రపోలేదట. అదృష్టవశాత్తు మరునాడు శాఖకు వచ్చి అడిగిన తరువాతనే నొక్కుదామనుకున్నారు. సొమ్ము తీసుకోవడానికి యు.పి.ఐ. పిన్ ఎన్నడూ అవసరం లేదు. పిన్ నొక్కామంటే మన ఖాతానుండి సొమ్ము పోతున్నట్లే. సైనికుల పేరు వాడుకొనే ఈ మోసం దేశమంతటా జరుగుతున్నది. ఇప్పటికే నష్టపోయినవారు ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి, బ్యాంకుకు తెలియజేయాలి. నా మట్టుకు నేను, తక్కువ ధర అడిగినవానికంటె చూడకుండా పూర్తి ధర ఇస్తానన్నవానిని ఎక్కువగా శంకిస్తాను. తన సొంత సొమ్ము పెట్టేవాడు బేరమాడకుండా ఉండడు.

డిసెంబరు మొదటి వారానికి ఆర్.సి.పై బ్యాంకు పేరు తొలగింది, బీమా వచ్చింది. ప్రకటనలో కొత్త ఆర్.సి. ఫోటో చేర్చారు. నంబర్లలో కొన్ని అంకెలను మూసి ఫోటో పెట్టమన్నాను. ధరను రూ. 3,75,000కు తగ్గించారు. వ్యాపారి రూ. 3,20,000కు పెరిగాడు. పక్క మండలం రైతు రూ. 3,45,000 అన్నాడు, మొత్తం బ్యాంకు ద్వారా, అదే రోజు బదిలీ పత్రాలపై సంతకాలు. కొత్తగా మరొకాయన రూ. 3,60,000 అన్నాడు. కాని ఇప్పుడు లక్ష, మిగిలినది మార్చిలో పసుపు అమ్మిన తరువాత. బదిలీ కూడ అప్పుడే.

పైకి చూస్తే రూ. 3,60,000 పెద్దది. లెక్క వేస్తే, మిగిలిన రూ. 2,60,000కు నూటికి రెండు రూపాయల వడ్డీతో నెలకు రూ. 5,200, మూడు నెలలకు రూ. 15,600. తీసివేస్తే రూ. 3,44,400. అంటే రెండు బేరాలూ దాదాపు ఒక్కటే. పసుపు ధర పడిపోతే ఆ సొమ్ము ఎప్పుడొస్తుందో చెప్పలేము.

అంతకంటె ముఖ్యమైనది బదిలీ విషయం. మోటారు వాహనాల చట్టం 1988లోని 50వ సెక్షను ప్రకారం, అదే రాష్ట్రంలో అమ్మినప్పుడు అమ్మినవాడు 14 రోజులలోగా రవాణా కార్యాలయానికి తెలియజేయాలి. కొన్నవాడు 30 రోజులలోగా తెలియజేయాలి. ఫారం 29, ఫారం 30 ఇందుకే. బదిలీ నమోదు కానంతవరకు, బండి ఎవరి చేతిలో ఉన్నా, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రికార్డులోని యజమానిపైనే పడుతుందని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసు తీర్పులో స్పష్టం చేసింది. రాత్రిపూట చెరకు ట్రాలీతో రోడ్డుపైకి వెళ్ళే బండి మన పేరుమీద మూడు నెలలు తిరగడమంటే ఏమిటో రైతులకు వేరే చెప్పనక్కరలేదు. పదిహేను వేల తేడాకు అంత బరువు మోయవచ్చునా?

ఇదంతా ట్రాక్టరు లెక్క. పంటకు ఇదే లెక్కను యథాతథంగా వర్తింపజేయకూడదు. 2016లో ప్రారంభమైన ఈ-నామ్‌లో నిజామాబాదు యార్డులో పసుపు అమ్మే రైతుకు, వచ్చిన అత్యధిక బిడ్డు నచ్చకపోతే తిరస్కరించే హక్కు ఉన్నది. ట్రాక్టరు విలువ కాలంతో తగ్గడమే గాని పెరగదు. పంట ధర పెరగనూ వచ్చు, తగ్గనూ వచ్చు. గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ చట్టం క్రింద నమోదైన గిడ్డంగిలో సరుకు నిల్వచేసి, ఎలక్ట్రానిక్ రసీదుపై ఋణం తీసుకొని ఆగే అవకాశం అక్కడ ఉన్నది. కిసాన్ క్రెడిట్ కార్డు గల చిన్న, సన్నకారు రైతులకు ఆ ఋణం కోత తరువాత ఆరు నెలలవరకు రాయితీ వడ్డీకే లభిస్తుంది. దానిని గురించి వేరుగా వ్రాయవలసి ఉన్నది.

మన పాఠకులలోని వ్యాపారులకు ఒక్క మాట. మార్పిడిలో తీసుకున్న పాత ట్రాక్టరును “మరో ఇరవై వేలు వస్తే ఇస్తాను” అని ఆపే అలవాటు మీలో ఎక్కువ. రూ. 3,00,000 విలువగల బండికి 11 శాతం వడ్డీగల క్యాష్ క్రెడిట్ సొమ్ము పెట్టారనుకుంటే నెలకు రూ. 2,750 వడ్డీ. ఆరు నెలలకు రూ. 16,500. వడ్డీ సంగతి అట్లా ఉంచినా, ఒక్కొక్క బండిపై రూ. 25,000 మిగలాలని ఆరు నెలలు ఆగితే సంవత్సరంలో రెండు బండ్లు, రూ. 50,000. రూ. 15,000కు ఒప్పుకొని రెండు నెలలలో వదిలితే అదే పెట్టుబడితో ఆరు బండ్లు, రూ. 90,000. పైగా నెలల తరబడి కదలని సరుకును సాధారణంగా బ్యాంకు స్టాకు తనిఖీలో పూర్తి విలువకు లెక్కించదు. మీ డ్రాయింగ్ పవర్ తగ్గుతుంది. ఇంకొక సంగతి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన నిబంధనల ప్రకారం రిజిస్టరయిన పాత వాహనాల వ్యాపారులు రవాణా శాఖనుండి అధికార పత్రం పొందాలి. ఆ పత్రం గోడకు కనబడేటట్లు ఉంటే అమ్మవచ్చినవానికి నమ్మకం కలుగుతుంది. నమ్మకం కలిగినవాడు అయిదు వేలు తక్కువకైనా మీకే ఇస్తాడు.

మన రైతు రూ. 3,45,000కు అమ్మారు. డిసెంబరు 17న, గడువుకు మూడు రోజుల ముందు, పంట ఋణం కట్టి, మరునాడు కొత్త ఋణానికి సంతకాలు చేశారు. మిగిలిన సొమ్ములో లక్ష రూపాయలు డిపాజిటు వేశారు. కుమారుడు మాత్రం అదే మోడలు బండి కోరుట్ల వైపు రూ. 3,75,000కు పోయిందని ఫోనులో అన్నాడట. అది ప్రకటన ధరో, అమ్మిన ధరో అడగమన్నాను. అడిగారో లేదో తెలియదు.

సంక్రాంతి తరువాత ఆయన మళ్ళీ శాఖకు వచ్చారు. ఈసారి సెల్‌ఫోనులో ఒక పాత పవర్ వీడరు ఫోటో ఉన్నది. అమ్మేవాడు రూ. 38,000 చెబుతున్నాడు. “సారూ, ఎంత తక్కువకు అడిగితే కోపం రాకుండా ఉంటుంది?” అన్నారు. ముందు వెళ్ళి చూసి రమ్మన్నాను.